మొదటి గౌజ్ కొనే ముందు

అయ్యా,

రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది దాకా మన డెల్టా ఊళ్ళలో చిన్న లేత్ మిషన్లు (కర్రను బిగించి గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రాలు) ఇళ్ళ వసారాల్లోకి వస్తున్నాయి. ఉద్యోగం చూసుకుంటూ సాయంత్రాలు కర్ర తిప్పడం నేర్చుకుందామనుకునేవాళ్ళు, కాలేజీ పిల్లలు, పదవీ విరమణ చేసినవాళ్ళు అందరూ అడిగేది ఒకటే: మొదట ఏ ఉలి కొనాలి? జవాబుగా వాళ్ళ చేతికి వచ్చేది ఎనిమిది ఉలుల పెట్టె. ఆ పెట్టె కొనవద్దని, ఆ డబ్బుతో మంచి గౌజ్ ఒక్కటి, దాన్ని సాన పట్టుకునే ఏర్పాటు ఒకటి చూసుకోమని చెప్పడానికే ఈ ఉత్తరం. ఇది అచ్చయితే కొందరి కళ్ళూ వేళ్ళూ దక్కుతాయన్న నమ్మకంతో కాస్త వివరంగా రాస్తున్నాను.

గౌజ్ అంటే గాడి ఉన్న ఉలి. వడ్రంగి పలక ఉలికి అంచు తిన్నగా ఉంటే, గౌజ్‌కు అంచు గోరు చివరలా వంపు తిరిగి ఉంటుంది. లేత్ మీద వాడేవాటిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది రఫింగ్ గౌజ్: వెడల్పుగా, సగం గొట్టంలా ఉంటుంది, పలకల కర్రను గుండ్రం చేయడానికి. రెండోది స్పిండిల్ గౌజ్: గుండ్రటి కడ్డీలో లోతు తక్కువ గాడి తీసి చేస్తారు, గాడి కింద ఇనుము దళసరిగా మిగులుతుంది. మూడోది బౌల్ గౌజ్: ఇదీ గుండ్రటి కడ్డీయే, గాడి మాత్రం బాగా లోతు. గిన్నెలు, పళ్ళేలు తొలవడానికి ఇది. మూడూ దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. చిక్కంతా అక్కడే.

వీటిలో ఏది కావాలో తెలియాలంటే ముందు కర్ర నార ఎటు పోతోందో చూడాలి. మంచం కోడు, అప్పడాల కర్ర, కవ్వం, బొంగరం, మెట్ల పక్క కడ్డీ, కొడవలి పిడి ఇవన్నీ నార వెంట తిరిగే పనులు. కర్ర తిరిగే ఇరుసు, లోపలి నార ఒకే దిక్కున ఉంటాయి. ఉలి అంచుకు ఎప్పుడూ నార పక్కభాగమే తగులుతుంది. గిన్నె, పళ్ళెం అలా కాదు. దూలం నుంచి కోసిన పలకను అడ్డంగా బిగించి తిప్పుతాం కనక ప్రతి చుట్టులో రెండుసార్లు నార పక్కభాగం, రెండుసార్లు నార కొనలు అంచుకు ఎదురొస్తాయి. కొనలు తగిలినప్పుడల్లా ఉలి మీద దెబ్బ పడుతుంది. ఆ దెబ్బకు నిలిచే ఉలి వేరు.

మన ప్రాంతంలో కొత్తవాళ్ళు మొదలుపెట్టే వస్తువులు దాదాపు అన్నీ నార వెంట తిరిగేవే. అందుకే నా సలహా సూటిగా ఇది: మొదటి గౌజ్‌గా 10 మిల్లీమీటర్ల స్పిండిల్ గౌజ్ కొనండి. బౌల్ గౌజ్‌తో మొదలుపెట్టమనే పెద్దలూ ఉన్నారు. దాని కడ్డీ బలంగా ఉంటుంది, రెండు రకాల పనికీ భయం లేకుండా వాడొచ్చు అంటారు. ఆ మాట తప్పు కాదు. కానీ బౌల్ గౌజ్ ముక్కు 50, 55 డిగ్రీల వాలుతో (వాలు అంటే అంచు కింద సాన పట్టిన ఏటవాలు తలం) మొద్దుగా ఉంటుంది. కర్ర మీద ఉబ్బెత్తుగా తీసే రెండు పూసల మధ్య సన్నటి సందులోకి అది దిగదు. పైగా గిన్నె తిప్పాలంటే పలకను మిషన్‌కు పట్టి ఉంచే చక్ గాని ఫేస్‌ప్లేట్ గాని కావాలి, పలకను గుండ్రంగా కోసిపెట్టే కోతమిల్లు కావాలి. కడ్డీ పనికి మిషన్‌తో పాటు వచ్చే, కర్రను ఒక చివర కరిచి తిప్పే పళ్ళ సెంటర్, రెండో చివర ఒత్తి పట్టే టెయిల్‌స్టాక్ మొన చాలు. ఉలిని వాలు మీద ఆనించి కోయడం అనే అసలు విద్య కడ్డీ మీద పది రోజుల్లో చేతికి వస్తుంది. గిన్నె మీద అదే విద్య నేర్చుకోబోతే ప్రతి పొరపాటూ పెద్ద దెబ్బగా తగులుతుంది.

ఇక పెట్టెలో అందరి చూపూ పడేది రఫింగ్ గౌజ్ మీద. అన్నిటికంటే పెద్దది, వెడల్పయినది, బలంగా కనిపించేది అదే. 'పెద్ద గిన్నె కదా, పెద్ద ఉలి తీద్దాం' అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. రఫింగ్ గౌజ్‌ను చాలామంది తయారీదారులు పలక ఇనుమును వంచి చేస్తారు. పిడిలోకి దిగే తోక మాత్రం సన్నటి పలకగానే మిగులుతుంది. బయటికి అంగుళం వెడల్పు కనిపిస్తున్నా, బరువు పడే చోట ఉన్నది ఆ తోకే. నార వెంట తిరిగే కర్రలో ఇది ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. గిన్నె పలక మీద పెడితే నార కొనలు ఆ వెడల్పాటి అంచును ఒక్కసారిగా కరుచుకుంటాయి. ఉలి తాను ఆనే టూల్ రెస్ట్ మీద తెడ్డులా వాలిపోయి, తోక పిడి దగ్గర విరిగి, ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. పిడిలో దాగిన తోక పైకి కనబడదు గనక ఈ ప్రమాదం కొత్తవాళ్ళ ఊహకు కూడా అందదు. నిజానికి మొదట్లో రఫింగ్ గౌజ్ లేకపోయినా పని ఆగదు. 40 మిల్లీమీటర్ల చదరపు కర్ర అంచులను ముందుగా చిత్రిక పట్టి ఎనిమిది పలకలు చేసుకుంటే, మిగిలిన గుండ్రం స్పిండిల్ గౌజే చేస్తుంది. ఆలస్యం అవుతుంది. నేర్చుకునేవాళ్ళకు ఆ ఆలస్యం మంచిదే.

కొనేటప్పుడు కొలతల్లో ఒక తికమక ఉంది. బౌల్ గౌజ్‌ను బ్రిటన్ తయారీదారులు గాడి వెడల్పుతో, అమెరికా వాళ్ళు కడ్డీ మందంతో పిలుస్తారు. బ్రిటన్‌లో మూడెనిమిదోవంతు అంగుళం, అమెరికాలో అర అంగుళం అంటే ఒకే ఉలి కావచ్చు. స్పిండిల్ గౌజ్‌కు ఎక్కువగా కడ్డీ మందమే చెబుతారు. ఏదైనా వెర్నియర్ కొలబద్దతో కడ్డీని కొలిచి చూసుకోవడం క్షేమం. 6 మిల్లీమీటర్లది సన్నపనికి బాగుంటుంది గాని కొత్తచేతిలో అదురుతుంది. 13 మిల్లీమీటర్లది అదరదు గాని సందుల్లోకి వెళ్ళదు. 10 మధ్యే మార్గం.

ఇనుము సంగతి. హై స్పీడ్ స్టీల్ అని గాని, హెచ్ఎస్ఎస్ అని పొడి అక్షరాల్లో గాని కడ్డీ మీద అచ్చు ఉండాలి. ఎక్కువగా దొరికే ఎం2 రకంలో సుమారు 6 శాతం టంగ్‌స్టన్, 5 శాతం మాలిబ్డినం, 4 శాతం క్రోమియం, 2 శాతం వెనేడియం ఉంటాయి. అందుకే సాన మీద 500 డిగ్రీల వేడి తగిలినా గట్టిదనం పోదు. మామూలు కార్బన్ స్టీల్ అంచు నీలం రంగు తిరిగిందంటే అక్కడ పాయన (ఇనుముకు పెట్టిన గట్టిదనం) పోయినట్టే. ఆ నీలం భాగమంతా అరగదీస్తే తప్ప పదును నిలవదు. అచ్చు చూసి నమ్మలేకపోతే రవ్వలు చూడండి. పిడిలో దాగే చివరను గ్రైండర్‌కు ఒక్క క్షణం తాకిస్తే కార్బన్ స్టీల్ దీపావళి కాకరపువ్వొత్తిలా తెల్లగా, పూలు పూలుగా చిమ్ముతుంది. హై స్పీడ్ స్టీల్ రవ్వలు తక్కువ, ఎర్రగా, వెలుగు తక్కువగా ఉంటాయి, పూలు విచ్చవు. పిడి బిగించని కడ్డీ కొంటే ఈ పరీక్ష సులువు.

తరవాత గాడిని చూడాలి. వెలుతురుకు ఎత్తి పట్టి ముందునుంచి చూస్తే గాడి కడ్డీకి సరిగ్గా నడుమ ఉండాలి, గాడికి ఇరుపక్కల ఉన్న రెండు రెక్కల మందం ఒకటిగా ఉండాలి. ఒక రెక్క పలచనైతే ఎంత సాన పట్టినా ముక్కు ఒక పక్కకే పోతుంది. గాడిలో వేలు పెట్టి రాస్తే గీతలు తగలకూడదు. ఎందుకంటే అంచు అనేది రెండు తలాలు కలిసే చోటు: కింద మనం సాన పట్టే వాలు, పైన ఆ గాడి. గాడిలో గీతలుంటే అంచు రంపపు పళ్ళలా వస్తుంది. తేలిక గీతలైతే సన్నటి పుల్లకు 400 నంబరు ఎమెరీ కాగితం చుట్టి నూనెతో పావుగంట రుద్దితే పోతాయి.

పిడి 250 నుంచి 300 మిల్లీమీటర్లు ఉండాలి. కడ్డీ పిడిలోకి కనీసం 50 మిల్లీమీటర్లు దిగాలి. పిడి మొదట్లో పొన్ను (లోహపు కట్టు) బిగుతుగా ఉండాలి. రోకలికి పొన్ను ఎందుకో దీనికీ అందుకే: దెబ్బ పడినప్పుడు కర్ర చీలకుండా. పొన్ను చేత్తో తిరిగిందంటే ఆ ఉలి వద్దు. పిడి లేని కడ్డీ తక్కువకు వస్తే తీసుకోండి, మీరు తిప్పే మొదటి వస్తువు ఆ పిడే అవుతుంది.

ఇప్పుడు అసలు ఖర్చు. గౌజ్ కొత్తగా కొన్నప్పుడు దాదాపు ఎప్పుడూ పనికి సిద్ధంగా ఉండదు. కంపెనీ పట్టిన వాలు కేవలం ఆకారం మాత్రమే. సాన లేకుండా ఉలి కొనడం బావి లేకుండా చేద కొన్నట్టు. మన దగ్గర సాధారణంగా దొరికే 150 మిల్లీమీటర్ల గ్రైండర్ నిమిషానికి 2800 చుట్లు పైగా తిరుగుతుంది. వీలైతే 1440 చుట్ల రకం, 200 మిల్లీమీటర్ల రాయి చూడండి. వేగం తగ్గితే పొరపాటు దిద్దుకునే వ్యవధి దొరుకుతుంది. దానితో వచ్చే బూడిద రంగు రాయి తీసేసి తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి, 60 గాని 80 గాని నంబరు, వేసుకోవాలి. ఆకుపచ్చ రాయి కార్బైడ్ ముక్కలకు, మనకు కాదు. బిగించే ముందు రాయిని వేలికి తగిలించి చెక్క పిడితో తట్టాలి. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తామే, అలాగే. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులుంది, వాడకూడదు. రాయి మీద రాసిన గరిష్ఠ వేగం మోటారు వేగం కంటే ఎక్కువ ఉండాలి.

స్పిండిల్ గౌజ్‌కు వాలు 40 డిగ్రీలు. స్కూలు కోణమానిని పెట్టి అట్టముక్క ఒకటి ఆ కోణానికి కత్తిరించి గ్రైండర్ పక్కన మేకుకు తగిలించుకోండి. గ్రైండర్ బల్లను ఆ కోణానికి బిగించి, ఉలి వాలు మీద స్కెచ్ పెన్ను రంగు పూసి, రాయిని కరెంటు లేకుండా చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి. రంగు మడమ (వాలుకు అంచు లేని కింది కొస) దగ్గర మాత్రమే పోతే కోణం తక్కువైంది, అంచు దగ్గర మాత్రమే పోతే ఎక్కువైంది. మొత్తం పోయేదాకా బల్లను సవరించి, అప్పుడు కరెంటు వేయాలి. ఉలిని నొక్కకుండా, పిడిని అటూ ఇటూ దొర్లిస్తూ పట్టాలి. నిప్పురవ్వలు అంచు మీదుగా గాడిలోకి జారడం మొదలైతే చాలు, ఆపండి. ఆ తరవాత పోయేదంతా ఉలి ఆయుష్షే.

కొత్తవాళ్ళ సానలో రెండు తప్పులు వస్తాయి. రెక్కల దగ్గర ఎక్కువసేపు ఆపితే ముక్కు సూదిలా తేలుతుంది, ఆ ముక్కు కర్రలో గీతలు దున్నుతుంది. ముక్కు దగ్గర ఎక్కువసేపు ఆపితే చదునైపోయి, రెండు పక్కలా మూలలు లేస్తాయి, ఆ మూలలే కర్రను కరుచుకుంటాయి. పైనుంచి చూస్తే చూపుడువేలి గోరులా నునుపైన వంపు కనిపించాలి. కాలిందని హై స్పీడ్ స్టీల్‌ను నీళ్ళలో ముంచకండి, అంచులో కంటికి కనబడని పగుళ్ళు వస్తాయి. గాలికి చల్లారనివ్వాలి. కార్బన్ స్టీల్‌ను మాత్రం వేడెక్కకముందే మాటిమాటికీ ముంచాలి. రెండింటి పద్ధతీ తారుమారు చేయడం వల్లే చాలా ఉలులు పాడవుతున్నాయి.

పదును పోయిందని ఎలా తెలుస్తుంది? అంచును దీపం కిందకు తెస్తే మొండి అంచు మీద సన్నటి తెల్ల గీత మెరుస్తుంది. పదునైన అంచు వెలుతురును వెనక్కి ఇవ్వదు. లేత్ మీదైతే రిబ్బనులా రావలసిన పొట్టు దుమ్ముగా రాలుతుంది, చెయ్యి తెలియకుండానే ఉలిని తోయడం మొదలుపెడుతుంది. తోస్తున్నామంటే సాన దగ్గరికి వెళ్ళాల్సిన వేళ అయిందన్నమాట. చాలా దెబ్బలు ఇక్కడే తగులుతాయి.

మొదటి పనికి 40 మిల్లీమీటర్ల చదరం, 200 మిల్లీమీటర్ల పొడవున్న పగుళ్ళు లేని కర్ర తీసుకోండి. రెండు చివరలా మూల నుంచి మూలకు గీతలు గీస్తే నడుమ తెలుస్తుంది. ఒక చివర ఆ గీతల వెంట రంపంతో 2 మిల్లీమీటర్ల గాట్లు పెడితే పళ్ళ సెంటర్ జారదు. టెయిల్‌స్టాక్ బిగించి, టూల్ రెస్ట్‌ను కర్ర అంచుకు 3 నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలో పెట్టి, చేత్తో పూర్తి చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాకే స్విచ్ వేయాలి. వేగానికి ఒక లెక్క ఉంది: అంగుళాల్లో వ్యాసాన్ని చుట్లతో గుణిస్తే 6000, 9000 మధ్య ఉండాలి. 2 అంగుళాల కర్రకు 3000 నుంచి 4500 చుట్లు వస్తాయి గాని, గుండ్రం అయ్యేదాకా కొత్తవాళ్ళు 1000 దాటకూడదు.

ఉలిని ముందు టూల్ రెస్ట్ మీద ఆనించాలి. తరవాత వాలు మడమను తిరిగే కర్రకు తాకించాలి. అప్పటికి ఏమీ తెగదు, వట్టి రాపిడే. అప్పుడు పిడిని మెల్లగా పైకి లేపితే అంచు కర్రలోకి దిగి పొట్టు లేస్తుంది. ఈ వరస తప్పి అంచునే ముందు తాకిస్తే వాలుకు ఆసరా ఉండదు, ఉలి కరుచుకుంటుంది. కోత ఎప్పుడూ లావు నుంచి సన్నానికి, గట్టు మీంచి కాలవలోకి దిగినట్టు సాగాలి. ఎదురెక్కితే నార లేచిపోతుంది. పూస తీసేటప్పుడు గాడి ఆకాశం వైపు పెట్టి మొదలై, దిగుతున్నకొద్దీ దిగే దిక్కుకు దొర్లాలి. లోయ (కర్రలో లోపలికి వంగే పల్లం) తీసేటప్పుడు మాత్రం గాడిని పూర్తిగా పక్కకు తిప్పి ప్రవేశించాలి. అప్పుడు గాడి పైకి చూస్తూ ఉంటే ఉలి పక్కకు జారిపోయి చేసిన పనంతా గీరుకుంటుంది. లోయ అడుగుకు చేరగానే ఆగి, రెండో వైపు నుంచి మళ్ళీ దిగాలి. టూల్ రెస్ట్ దాటి ఉలి 50 మిల్లీమీటర్ల కంటే బయటికి రాకూడదు.

కర్ర కోసం మనం దూరం పోనక్కర్లేదు. కాలవ గట్ల గంగరావి నేర్చుకోవడానికి ఎంతో అనువైనది, నున్నగా తెగుతుంది. దీన్నే హవాయి దీవుల్లో మిలో అని పిలిచి గిన్నెలు చేసుకుంటారు. మన దగ్గర పొయ్యిలోకి పోతోంది. వేప, మామిడి కూడా మంచివే. కొబ్బరి మాను మొదట వద్దు. బయటి భాగం రాయిలా గట్టి, లోపల మెత్తన, మధ్యమధ్య సూదుల్లాంటి ముదురు రంగు పోగులు. ఎంత మంచి ఉలి పదునైనా చూస్తుండగానే పోతుంది. తాటీ అంతే. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర మెత్తగా, నార సన్నగా ఉండి లక్క రంగును బాగా పట్టుకుంటుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మలు కూడా నార వెంట తిప్పినవే. నడుమ బెండు ఉన్న పచ్చి కొమ్మను అలాగే తిప్పకండి, ఆరేటప్పుడు తప్పక చీలుతుంది. బెండును తప్పించి నిలువునా చీల్చి వాడాలి. తోటల్లో పెంచే గన్నేరు విషం, దాని దుమ్ము ఒంట్లోకి పోకూడదు. రోడ్ల పక్క నీడనిచ్చే నిద్రగన్నేరు వేరే చెట్టు, పేరు చూసి భయపడనక్కర్లేదు. అయినా దుమ్ము కొందరికి పడదు, ముక్కుకు మాస్కు ఉండాలి. కోరంగి మడ అడవుల్లోని తిల్ల చెట్టు పాలు కంటికి ముప్పు తెస్తాయి, ఆ చెట్లు నరకడం నేరం కూడా.

తలకు ముఖమంతా కప్పే షీల్డు పెట్టుకోవాలి, కళ్ళద్దాలు సరిపోవు. చేతికి గ్లవ్స్ వేసుకోకూడదు. లుంగీ, కండువా, చున్నీ, వదులు చేతుల చొక్కా, ముడి వేయని జుట్టు, ఏదీ లేత్ దగ్గరికి రాకూడదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో పని అయ్యాక ఉలిని మిషన్ ఆయిల్ గుడ్డతో తుడవకపోతే గాడిలో తుప్పు పడుతుంది, తుప్పు గుంటలే రేపు అంచులో పళ్ళవుతాయి.

ఉలులు అమ్మేవారికి, ఐటీఐల్లో వడ్రంగం నేర్పే ఉపాధ్యాయులకు మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. రఫింగ్ గౌజ్ పిడి మీద 'గిన్నెలకు, పళ్ళేలకు వాడరాదు' అని తెలుగులో ఒక చీటీ అంటించి అమ్మండి. పెట్టెలతో పాటు విడి గౌజ్‌లు, పిడి లేని కడ్డీలు కూడా కొట్లో ఉంచండి. వాటి పక్కనే తెల్ల సాన రాళ్ళు ఉంచి, ఉలి కొన్నవారికి వాలు పట్టడం ఒక్కసారి చేసి చూపించండి. పది నిమిషాల పని అది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా